దెల్ఫీనా మోసిన మాటలు

ఆ ఏడు ద్రాక్ష కోతలు వచ్చేసరికి దెల్ఫీనక్క సగం మనిషైపోయింది. పొద్దున్నే పొయ్యి మీద కాఫీ పెట్టి, అది పొంగేలోపల గోడకి తల ఆనించి నిలబడే కునుకు తీసేది. కాఫీ బుసబుసమంటే ఉలిక్కిపడి లేచి, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసేది. నేను చూసేదాన్ని. మా పెరడూ వాళ్ల పెరడూ ఒకే గోడకి అటూ ఇటూ. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ కోతల రోజుల్లో నా పనీ తిండీ వాళ్లింట్లోనే.

ఇటలీలో మోన్‌ఫెర్రాతో అనే ఈ కొండసీమలో మాలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి. వయసులో ఉన్నవాళ్లు టురిన్ వెళ్లి కార్ల ఫ్యాక్టరీల్లో చేరిపోతే, మిగిలినవాళ్లం కొండ ఎక్కుతూ దిగుతూ బతుకుతున్నాం. దెల్ఫీనక్కది చిన్న తోట. దక్షిణం వాలు మీద బార్బెరా అనే నల్లద్రాక్ష, ఇంటి కింద వాళ్ల తాత తవ్వించిన నేలమాళిగ, అందులో రెండు సిమెంటు తొట్లు, ఒక పాత గానుగ, గోడవారన పీపాలు. పని చేసేది ముగ్గురే. దెల్ఫీనక్క, ఆమె మొగుడు చెలెస్తీనో, పెళ్లి చేసుకోని మరిది ఎవాజియో. పిల్లల్లేరు. వాళ్ల వైన్ తాగినవాళ్లు మళ్లీ ఏడాదికి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. అంత బాగుండేది.

ఆ ఇంట్లో ఒకటే తిరకాసు. అన్నదమ్ములకి మాటల్లేవు.

ఉత్తరం వాలు మీద వాళ్ల నాన్న నాటిన తెల్లద్రాక్ష వరసలు ఉండేవి. తొమ్మిదేళ్ల క్రితం చెలెస్తీనో మోకాలికి ఆపరేషనై ఆస్తీ పట్నం ఆస్పత్రిలో ఉన్నప్పుడు, ఎవాజియో ఆ వరసలన్నీ పీకించి హేజల్‌నట్ మొక్కలు పెట్టాడు. అన్న కర్ర ఊతంతో ఇంటికొచ్చి, వంటింటి కిటికీలోంచి ఆ వాలు చూశాడు. నాన్న చేతి చెట్లని నన్నడక్కుండా పీకినవాడు నాకు తమ్ముడు కాడన్నాడు. సరే, కాను, అన్నాడు తమ్ముడు. అవే వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు అన్న ఆఖరి మాటలు.

కానీ ఒకే ఇల్లు, ఒకే తోట, ఒకే ట్రాక్టరు. మాట లేకుండా పని సాగదు. అందుకని మాటలు మోసే పని దెల్ఫీనక్క మీద పడింది. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటున్నా సరే, చెలెస్తీనో పెళ్లాం వైపు తిరిగి, "మీ మరిదికి చెప్పు, రేపు తీగలకి మందు కొట్టాలి," అనేవాడు. ఎవాజియో సూపు గిన్నెలోకి చూస్తూ, "మీ ఆయనకి చెప్పు వదినా, గాలి ఉంది, రేపు కుదరదు," అనేవాడు. ఇద్దరికీ ఇద్దరి మాటా వినబడేది. అయినా ఆమె ఒకసారి ఇటు తిరిగి, ఒకసారి అటు తిరిగి, అదే మాట మళ్లీ చెప్పాలి. చెప్పకపోతే ఎవరూ కదలరు.

ఇంకా కష్టం, ఇద్దరూ ఎదురెదురుగా లేనప్పుడు. వాడి బుర్రలో పిప్పి తప్ప ఏం లేదని చెప్పు, అని అన్న పంపిస్తే, ఆమె కొండెక్కి వెళ్లి, "ట్రాక్టరు కావాలంట," అని చెప్పేది. ఆ కుంటి ముసలాడికి ట్రాక్టరు దేనికంట, అని తమ్ముడంటే, దిగొచ్చి, "సాయంత్రం ఇస్తాడంట," అనేది. మధ్య దారిలో తిట్లన్నీ పారబోసుకుంటూ నడుస్తాను ఇర్మా, అని నాతో ఒకసారి అంది. నవ్వుతూనే అంది. అది మొదట్లో. తర్వాత్తర్వాత ఆ మాట ఎత్తితే నవ్వడం మానేసింది.

ఆ వసంతంలో వాళ్ల అత్తగారు పోయింది. మంచాన పడి చాలాకాలం తీసుకుంది. ఎత్తి కూర్చోబెట్టడం, కడగడం, తినిపించడం అన్నీ దెల్ఫీనక్కే. కొడుకులిద్దరూ వంతులవారీగా వచ్చి తల్లి పక్కన కూర్చునేవాళ్లు, ఒకరుంటే ఇంకొకరు గడప తొక్కేవాళ్లు కాదు. ఆఖరి వారంలో ముసలావిడ కొడుకుల్ని కాదు, కోడల్ని పిలిచి చెయ్యి పట్టుకుంది. నేను అక్కడే దుప్పట్లు మడతపెడుతున్నాను. వాళ్లు మారరని నాకు తెలుసు, నువ్వు మాత్రం మానకు, నువ్వు మానితే ఈ ఇల్లు ఆగిపోతుంది, అని అడిగింది. సరే అత్తయ్యా, అంది దెల్ఫీనక్క. ఇంకేమంటుంది?

తర్వాత ఎండాకాలం, దాని వెనక కోతలు. ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. గుత్తుల్లో కుళ్లు మొదలైతే, ఒక్కో గుత్తీ చేతిలోకి తీసుకుని చెడ్డ పళ్లు గిల్లి పారేస్తూ కోశాం. వేళ్లు జిగటగా, నడుము కొయ్యలా. కోత అయ్యాక తొక్కించి తొట్లలో పోస్తే రసం పొంగడం మొదలైంది. పైకి తేలిన తొక్కల్ని రోజూ కర్రలతో కిందికి అదమాలి. అదీ అయ్యింది. రసం సద్దుమణిగాక వైన్‌ని కింది కుళాయి నుంచి పీపాల్లోకి దింపారు. తొట్టి అడుగున పిప్పి మిగిలింది. దాన్ని తోడి గానుగకెత్తాలి.

ఈ పని గురించి ఒక మాట చెప్పాలి. పిప్పి తోడాలంటే తొట్టికి మోకాలెత్తున ఉండే చిన్న ఇనపతలుపు తీసి, అందులోంచి ఒక మనిషి లోపలికి దూరాలి. పిప్పి ఇంకా పొంగుగాలి, ఊపిరాడనివ్వని విషపుగాలి, వదులుతూనే ఉంటుంది. అది కంటికి కనబడదు, అడుగున పేరుకుంటుంది. వంగి పార వేస్తున్నవాడికి ముందు మోకాళ్లు మెత్తబడతాయి, ఆ తర్వాత అరవాలన్న ఆలోచన కూడా రాదు. వీళ్ల చిన్నాన్న అలాగే పోయాడు. అప్పుడు వీళ్ల నాన్న ఒక కట్టుబాటు పెట్టాడు. లోపల కొవ్వొత్తి వెలగాలి, అది ఆరితే వెంటనే బయటికొచ్చెయ్యాలి. బయట ఒక మనిషి నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలి, లోపలివాడు ఊ కొడుతూనే ఉండాలి. ఊ ఆగితే పట్టి లాగెయ్యడమే.

మాటల్లేని అన్నదమ్ములకి ఆ మనిషి ఎవరు? దెల్ఫీనక్కే. లోపల ఎవరు దిగినా బయట ఆమె నిలబడేది. చర్చి ఫాదరుగారి వంటమనిషి సంగతులూ, కోళ్ల సంగతులూ, సముద్రం దగ్గరుండే వాళ్ల చెల్లెలి గొంతు జబ్బూ, తోచిందల్లా చెప్పేది. లోపల్నుంచి ఊ, ఊ అని వినబడేది. అన్న పార వేస్తుంటే తమ్ముడు గంపలు మోసి గానుగలో పోసేవాడు. అలా అయిపోయేది.

ఆ రోజు పొద్దున నేను వెళ్లేసరికి దెల్ఫీనక్క వాకిట్లో ద్రాక్ష పెట్టె బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. ఒళ్లో చిక్కుడుకాయల గిన్నె. ఒలవడం లేదు, ఊరికే చూస్తోంది. నేను పక్కన కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను. చెలెస్తీనో నేలమాళిగ మెట్ల మీద నిలబడి, తొట్టి తలుపు తీశాం, రా, అన్నాడు.

"నేను రాను," అంది దెల్ఫీనక్క.

ఒంట్లో బాలేదా, అని అడిగాడు.

"బాగానే ఉంది. నా దగ్గర మాటలైపోయాయి. మీరు మాట్లాడుకోండి."

గొంతు పెంచలేదు. కాఫీ పొడి అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. ఈలోగా ఎవాజియో గంపలతో వచ్చాడు. చెలెస్తీనో మామూలుగానే, "మీ మరిదికి చెప్పు, పెద్ద పార తెమ్మని," అన్నాడు.

"ఆయన అక్కడే ఉన్నాడు. చెవులున్నాయి."

అన్నదమ్ములిద్దరూ నిలబడిపోయారు. ఎవాజియో నా వైపు చూశాడు, నేనేమైనా అందుకుంటానేమో అని. నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. పని మానేద్దామంటే కుదరదు. పిప్పి ఒక రోజు ఆగితే పుల్లబడిపోతుంది, ఏడాది కష్టం వెనిగర్ అవుతుంది. చివరికి ఎవాజియో తనే వెళ్లి పెద్ద పార తెచ్చి, మెట్ల మీద అన్న కాళ్ల దగ్గర పెట్టాడు. ఇద్దరూ లోపలికి దిగారు.

నేలమాళిగ కిటికీ వాకిట్లోకి, నేలకి జానెడెత్తున ఉంటుంది. మేం కూర్చున్న చోటికి లోపలి చప్పుళ్లన్నీ వినబడతాయి. పార పిప్పిలో దిగే చప్పుడు. ఆ తర్వాత ఠంగుమని ఇనుము మీద దెబ్బ. లోపల్నుంచి తిరిగి ఇంకో దెబ్బ. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. ఎవాజియో మాట్లాడకుండా సుత్తితో తలుపు మీద కొడుతున్నాడు, చెలెస్తీనో పారతో తొట్టి గోడ మీద కొట్టి జవాబిస్తున్నాడు.

"విన్నావా," అంది దెల్ఫీనక్క. "దానిక్కూడా మాట పడకుండా దారి కనిపెట్టారు."

పోనీలే అక్కా, అదీ ఒక మాటే అనుకో, అన్నాను. ఆమె కళ్లు మూసుకుని గోడకి ఆనుకుంది. ఠంగు, ఠంగు. గంప ఈడ్చిన చప్పుడు. మళ్లీ ఠంగు, ఠంగు. ఎండ కాళ్ల మీదికొచ్చింది. ఆమె నిద్రపోయిందనే అనుకున్నాను.

ఒకసారి ఠంగుమన్నాక జవాబు రాలేదు.

దెల్ఫీనక్క కళ్లు తెరిచింది. మళ్లీ సుత్తి దెబ్బ. దాని వెనకే ఇంకోటి, గట్టిగా. తర్వాత సుత్తి కిందపడ్డ చప్పుడు.

"అన్నా."

ఆ గొంతు నేను గుర్తుపట్టలేదు. మళ్లీ, "అన్నా, ఒరే చెలెస్తీనో, అన్నా," అని. గిన్నె ఎటు పోయిందో తెలీదు, ఇద్దరం మెట్లు దిగి పరిగెత్తాం. ఎవాజియో ఊపిరి బిగబట్టి, నడుం దాకా ఆ ఇనపతలుపులోంచి లోపలికి దూరి ఉన్నాడు. అన్న చంకల కింద చేతులు పడ్డాయి గానీ బరువు లాగలేకపోతున్నాడు. దెల్ఫీనక్క మరిది నడుం పట్టుకుని వెనక్కి గుంజింది, నేను ఆమెని పట్టుకున్నాను. చెలెస్తీనో తల, భుజాలు, ఆ తర్వాత మనిషంతా పిప్పి మడుగుతో సహా మా మీద పడ్డాడు. మొహం బూడిదలా ఉంది. ముగ్గురం కలిసి మెట్ల మీదుగా వాకిట్లోకి ఈడ్చుకొచ్చాం. ఎవాజియో అన్న చొక్కా గుండీలు తెంపి, చెంపల మీద కొడుతూ, పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. తొమ్మిదేళ్లు పలకని పేరు. ఎన్నిసార్లు పిలిచాడో. చివరికి చెలెస్తీనో ఒళ్లు ఒక్క కుదుపు కుదిపి వాంతి చేసుకుని, గట్టిగా గాలి పీల్చాడు.

దెల్ఫీనక్క అక్కడే నేల మీద కూలబడింది. ఏడవలేదు. చేతులకంటిన పిప్పిని పావడాకి తుడుచుకుంటూనే ఉంది.

పెద్ద ఊరి నుంచి డాక్టరు వచ్చాడు. కుర్రాడు, ఈ పనుల గురించి తెలిసినవాడే. అప్పటికి చెలెస్తీనో వంటింట్లో కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. డాక్టరు గుండె విని, కళ్లు చూసి, లోపల కొవ్వొత్తి పెట్టుకోలేదా అని అడిగాడు.

"పెట్టుకున్నాను. ఆరిపోయింది."

"మీరు చూడలేదా?"

"చూశాను."

మరి ఎందుకు కేకెయ్యలేదని డాక్టరు అడిగాడు. చెలెస్తీనో తన చేతులు చూసుకున్నాడు.

"ఎవర్ని కేకెయ్యను? దెల్ఫీనా లేదుగా అక్కడ."

డాక్టరుకి అర్థం కాలేదు. మాకు అయ్యింది. ఎవాజియో లేచి బయటికి వెళ్లిపోయాడు. దెల్ఫీనక్క పొయ్యి వైపు తిరిగి సూపు కలుపుతోంది. ఆమె వీపు మాత్రమే కనబడుతోంది నాకు. గరిటె ఆగిపోయింది.

డాక్టరు వెళ్లాక పెరట్లో నాతో అంది. "ఇవాళ ఈయన పోయి ఉంటే నేను చంపినట్టే కదే ఇర్మా. అత్తయ్యకి మాటిచ్చి తప్పాను."

"నువ్వు చంపడమేంటక్కా. దీపం ఆరడం కళ్లారా చూసి కూడా తమ్ముణ్ని పిలవలేనివాణ్ని ఎవరు కాపాడతారు?"

"నాకు కోపం కూడా రావట్లేదు," అంది. "రావాలి కదా. రావట్లేదు."

మధ్యాహ్నానికి అసలు సమస్య మళ్లీ ముందుకొచ్చింది. తొట్టిలో సగం పిప్పి అలాగే ఉంది. పోతే పోనీ, ఈ ఏడు పారబోద్దాం, అంది దెల్ఫీనక్క. ఎవాజియో వినలేదు. పై మూత, కింది తలుపు రెండూ బార్లా తెరిచి, ఫ్యాను పెట్టి గాలాడించాడు. కొవ్వొత్తి దింపి చూశాడు, ఆరలేదు. ఈసారి తను దిగుతానన్నాడు. అది చెప్పింది ఎవరికో కూడా తెలీదు, గోడ వైపు చూస్తూ అన్నాడు.

దెల్ఫీనక్క లేవబోయింది. బల్ల పట్టుకున్నా సగమే లేవగలిగింది. చెలెస్తీనో ఆమె భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. దుప్పటి కప్పుకునే, తన కుర్చీ తనే ఈడ్చుకుంటూ, ఒక్కో మెట్టూ దిగి తొట్టి ముందుకెళ్లి కూర్చున్నాడు.

మేమిద్దరం కిటికీ దగ్గర నేల మీదే కూర్చున్నాం, ఎవరికి ఏమైనా పరిగెత్తేలా.

చాలాసేపు పార చప్పుడే. తర్వాత చెలెస్తీనో గొంతు సవరించుకోవడం వినబడింది.

"దీపం కనబడుతోందా?"

"ఊ."

మళ్లీ ఏమీ లేదు. లోపల్నుంచి ఎవాజియో అన్నాడు, "మాట్లాడు. ఆగకూడదు."

"ఏం మాట్లాడను నీతో?"

"ఏదో ఒకటి."

చెలెస్తీనో ఏదో ఒకటి వెతుక్కోలేదు. తొమ్మిదేళ్ల కిందట ఎక్కడ ఆపాడో సరిగ్గా అక్కడే అందుకున్నాడు. నాన్న ఆ వాలు మీద రాళ్లేరి ఒక్కో తీగా ఎలా నాటాడో చెప్పాడు. ఆ తెల్లవైన్ అమ్మకెంత ఇష్టమో చెప్పాడు. తను ఆస్పత్రి మంచం మీద ఉంటే దొంగచాటుగా పీకించడం ఏం మగతనమన్నాడు. ఆ హేజల్‌నట్లు ఉడతలు తప్ప ఎవరూ తినరన్నాడు. లోపల్నుంచి ఒక్కోదానికీ ఊ, ఊ అని వస్తోంది. పార ఆగలేదు, ఊ ఆగలేదు, తిట్లూ ఆగలేదు. నేను దెల్ఫీనక్క మొహం చూశాను. ఆ మాటలన్నీ ఆమె కొండ దారిలో ఎన్నోసార్లు పారబోసినవే.

చెప్పి చెప్పి చెలెస్తీనోకి ఆయాసమొచ్చింది. "ఎందుకు చేశావురా? ఒక్కమాట అడగొచ్చుగా," అన్నాడు.

పార ఆగింది. కిటికీ దగ్గర మేమిద్దరం సగం లేచాం. అప్పుడు ఎవాజియో గొంతు వచ్చింది, తొట్టిలోంచి బోలుగా.

"నా చేతకాలేదన్నా. నీ మోకాలు పాడయ్యాక ఆ వాలు నేనొక్కణ్నే చెయ్యాలి. మందు డబ్బా వీపున వేసుకుని ఎక్కడం, దిగడం. ఒకరోజు మధ్యలో కూర్చుండిపోయాను, లేవలేక. నాకప్పటికి నలభై నిండలేదు. అలిసిపోయానని నీకెలా చెప్పను? నువ్వు ఒంటికాలితోనైనా వచ్చి పని చేసేవాడివి. హేజల్‌నట్‌కి ఏడాదికి ఒక్కసారి వంగితే చాలు."

ఈసారి ఆగిపోయింది బయటి మనిషి.

"అన్నా. మాట్లాడు."

"ఆ, ఉన్నాను," అన్నాడు చెలెస్తీనో. "నేనూ అలిసిపోయానురా. నువ్వు చూస్తున్నావని ఎక్కేవాణ్ని."

ఆ తర్వాత ఆయనకి పెద్దగా మాటలు దొరకలేదు. అంకెలు లెక్కపెట్టాడు కొంతసేపు. చర్చిలో చదివే ప్రార్థన ఒకటి, సగం మర్చిపోయి, మొదట్నుంచి మళ్లీ మళ్లీ చదివాడు. లోపల్నుంచి ఊ వస్తూనే ఉంది.

నేను పక్కకి చూసేసరికి దెల్ఫీనక్క నిద్రపోతోంది. గోడకి చేరబడి, నోరు కొంచెం తెరుచుకుని, ఎండ మొహాన పడుతున్నా తెలీకుండా. లేపి గదిలోకి తీసుకెళ్లాను. మంచం మీద పడ్డది పడ్డట్టే ఉంది. బూట్లు విప్పి, కిటికీ రెక్కలు మూసేసి వచ్చాను. రాత్రికి నేనే మొక్కజొన్న పిండితో పోలెంతా వండి మగవాళ్లిద్దరికీ పెట్టాను. ఉప్పు ఎక్కువైందని ఒకరు, తక్కువైందని ఒకరు, నా మొహం చూడకుండా వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. మధ్యలో నన్నెవరూ ఏదీ చెప్పమనలేదు.

ఆ తర్వాత అంతా చల్లబడిందని చెప్పను. తొమ్మిదేళ్ల బాకీ మాటలు కదా. చలికాలమంతా ఆ ఇంట్లోంచి కేకలు గోడ దాటి నాకు వినబడేవి. తీగ కత్తిరింపు మీద గొడవ, పీపాలు కడగడం మీద గొడవ, రేడియో మీద గొడవ. కానీ వాళ్ల తిట్లు వాళ్లే తిట్టుకుంటున్నారు. ఆ ఏడు వైన్ అంత గొప్పగా రాలేదు, కొంచెం పదునుగా, నాలిక పట్టేలా ఉంది. వాన ఏడాది అంతే. మరుసటి వసంతంలో ఇద్దరూ కలిసి దక్షిణం వాలు పైభాగంలోని ద్రాక్ష కూడా తీసేశారు. ఇంటి దగ్గరి వరసలు మాత్రం ఉంచుకున్నారు, ముగ్గురు చెయ్యగలిగినంత. తీగలు పీకిన రోజు చెలెస్తీనో సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవాజియో కూడా ఆయన్ని కదిలించలేదు.

దెల్ఫీనక్క పెళ్లైన తర్వాత మొదటిసారి తన చెల్లెలి దగ్గరికి, సముద్రపొడ్డుకి వెళ్లింది. ఎండకి మొహం కమిలి తిరిగొచ్చింది. ఎలా ఉందక్కా సముద్రం అంటే, ఒక్క క్షణం ఊరుకోదే, చూస్తుంటేనే అలసటొచ్చింది, అంది. సంచీ కింద పెట్టి, చెప్పులు విడవకుండానే కుర్చీలో కూర్చుంది. మగవాళ్లిద్దరూ ఏం తిన్నారని అడగబోయి, ఎందుకో ఆగి, నాకో గ్లాసు మంచినీళ్లియ్యి ఇర్మా, అంది. ఇచ్చాను. నెమ్మదిగా, గుక్కగుక్కకీ ఆగుతూ తాగింది.